ఏటి హోరులో కలిసిన ‘లేదు’

ఏటి గట్టున మద్దిచెట్టెక్కి గోరింక ఏం కూస్తే అడవికి అదే కబురు. ఒకనాడు “ఏదుపంది కౌజుపిట్ట గుడ్లు తింది” అని కూసింది. దుంపలు తప్ప మరొకటి ఎరగని ఏదుపంది లబోదిబోమంటూ వచ్చింది.

“గుడ్లు వానకి కొట్టుకుపోయాయి తల్లీ. ఆ మాట తీసెయ్యి.”

“కూసిన కూత వెనక్కి రాదు మామా. రోజూ పొద్దున్నే దిద్ది చెబుతాలే,” అంది గోరింక.

అన్నట్టే “ఏదుపంది గుడ్లు తినలేదు” అని కూసేది. కానీ చివరికొచ్చేసరికి ఊపిరి తగ్గి, ఆ ‘లేదు’ కాస్తా ఏటి హోరులో కలిసిపోయేది. అంతవరకూ ఏ సంగతీ తెలియని అవతలి గట్టువాళ్లు కూడా పిల్లల్ని దాచుకోవడం మొదలెట్టారు. అసలు అడక్కపోయినా బాగుండేది అనుకుంది ఏదుపంది.

చివరికి కౌజుపిట్టే వెతుక్కుంటూ వచ్చింది. “నా గుడ్లు నా కళ్ళముందే వానకి పోయాయి అన్నయ్యా. నీ తప్పేం లేదు,” అంది. ఏదుపందికి ప్రాణం లేచొచ్చింది.

కౌజు మళ్లీ గుడ్లు పెట్టిందని తెలిసి, చూసిపోదామని ఏదుపంది వెళ్లింది. అడుగుల చప్పుడు వినగానే కౌజు రెక్కలు చాచి గుడ్లు కప్పుకుంది.

“నువ్వు తినలేదని నాకు తెలుసన్నయ్యా,” అంది తల వంచుకుని.

రెక్కలు మాత్రం తియ్యలేదు.