ఆరు ఓల్టుల దీపం

“ట్రాక్టర్ని పన్నెండు ఓల్టులకి మార్చీగలను మావా. మరి ఈ పాత బల్బు తట్టుకోదు. ఎలిగించిన నిమిషానికే మాడిపోద్ది. తీసీయమంటావా?” అని అడిగాడు మెకానిక్ ఎల్లాజీ.

“తీసీయ్,” అన్నాడు నూకయ్య.

“తీయొద్దు,” అంది అతని భార్య లక్ష్మణమ్మ. “ఇన్నేళ్ల బట్టి ఎలుగుతన్నాది. ఇయాలేటి దానికొచ్చిన రోగం?”

నూకయ్య వినిపించుకోలేదు. వేట నుంచి వచ్చిన పడవలను ఇసుక మీదికి లాగే ట్రాక్టరు అది. పాతపట్నం రైతొకరు తుక్కు కింద వదిలించుకుంటే తెచ్చుకున్న తాతలనాటి బండి. ఆరు ఓల్టుల బ్యాటరీ. చినుకు పడితే సెల్ఫు నాలుగుసార్లు మూలిగి ఊరుకుంటుంది. దాని దీపం సంగతి చెప్పుకోకపోవడమే నయం. మొన్న పడవ దిగుతూ కొడుకు గోవింద్ పగలబడి నవ్వాడు.

“నాన్నా, సంద్రం మీంచి సూస్తే నీ దీపం కల్లు తాగినోడి కన్నులాగున్నాది! ఎర్రగా, మసగ్గా.”

ఒడ్డున ఉన్న నలుగురూ నవ్వారు. నూకయ్య నవ్వలేదు. కన్నకొడుకు కోసం పెట్టే దీపాన్ని కన్నకొడుకే అంత మాటనేసరికి మనసు చివుక్కుమంది.

ఈ రోజు తెల్లవారకముందే గోవింద్, అతని మేనమామ గంగులు వేటకు పోయారు. మధ్యాహ్నానికి తుపాను కబురు వచ్చింది. తక్కిన పడవలన్నీ బతుకుజీవుడా అని తిరిగొచ్చేశాయి. వీళ్లదొక్కటే రాలేదు. ఫోను చేస్తే స్విచ్చాఫ్. అప్పటికప్పుడు అరసవల్లి నుంచి ఎల్లాజీని పిలిపించాడు నూకయ్య.

“నీ కొడుకూ, నీ తమ్ముడూ సంద్రం మీదుంటే గుడ్డిదీపం ఎట్టుకుని కూకోమంటావేటే?” అని భార్యను కసిరాడు. “ఒడ్డు దూరం నుంచే కనపడాల ఆలకి. పడవ తగిలిన మరుక్షణం లాగీయాల.”

“ఇన్నాల్లూ కనపడనేదేటి?” అని గొణిగింది లక్ష్మణమ్మ. ఎల్లాజీ ఊడదీసి పడేసిన పాత బల్బును ఇసుకలోంచి తీసి కొంగున ముడేసుకుంది.

ఎల్లాజీ చెయ్యి చురుకు. డైనమో మార్చాడు, పాత వైర్లు పీకేశాడు, కొత్త బ్యాటరీ బిగించాడు. ముందుభాగంలో కొత్తరకం తెల్లలైటు పెట్టాడు.

“సెల్ఫు మోటారు పాతదే ఉంచీసినాను మావా. ఇప్పుడు రెట్టింపు జోరుగా తిరుగుతాది. ఎక్కువసేపు నొక్కి పట్టకు.”

నూకయ్య ఒక్క నొక్కు నొక్కాడు. బండి గర్జించింది. లైటు వేస్తే తెల్లటి వెలుగు కెరటాలు దాటి ఎక్కడికో పోయింది. చూస్తున్నవాళ్లు ‘అబ్బో’ అన్నారు.

“రానీ ఎదవని! ఇప్పుడు సెప్పమను, కల్లు తాగినోడి కన్నని,” అన్నాడు నూకయ్య.

పొద్దుగూకేసరికి గాలి లేచింది. కరెంటు పోయింది. ఊరంతా చీకటి. దక్షిణాన, రాళ్ల దగ్గరున్న రొయ్యపిల్లల హేచరీలో రోజూ తెల్లగా జిగేలుమనే లైట్లు కూడా ఆరిపోయాయి. ఆ ఒడ్డు మొత్తానికి వెలుగుతున్నది నూకయ్య దీపం ఒక్కటే. “గంగమ్మ తల్లీ, నా దీపం ఆల కంటపడేలాగ సూడు,” అని మొక్కుకుంటూ, ఇంజను ఆపకుండా వానలో సీటు మీదే కూర్చున్నాడు.

అంతలో నీళ్ల మీద టార్చిలైటు ఒకటి మిణుకుమంది.

“ఆలే! ఇటే వస్తన్నారు!” అని అరిచింది లక్ష్మణమ్మ.

టార్చి కాసేపు తిన్నగా వాళ్లకేసి వచ్చింది. తర్వాత ఆగింది. ఆగి, మెల్లగా ఉత్తరానికి తిరిగింది. ఉత్తరాన ఏరు సముద్రంలో కలిసే మొగ ఉంది. తుపానులో అక్కడ కెరటం కెరటాన్ని కొట్టుకుంటుంది. ఈతొచ్చినవాడు కూడా ఆ ఛాయలకు పోడు.

“అటెల్తన్నారేటయ్యా?”

“గాలి తోసేస్తన్నాది,” అన్నాడు నూకయ్య. హారన్ మోగించాడు. లైటు ఆర్పి వెలిగించాడు, మళ్లీ ఆర్పి వెలిగించాడు. గొంతు చించుకుని కొడుకును పిలిచాడు. టార్చి ఇంకా వేగంగా దూరమైపోయింది. చివరికి కనపడకుండా పోయింది.

ఎంతసేపటికో ఉత్తరం వైపు నుంచి ఇసుకలో తూలుకుంటూ ఒక మనిషి వచ్చాడు. గోవింద్! ఒంటి మీద చొక్కా లేదు. మోకాళ్లు చీరుకుపోయి ఉన్నాయి. లక్ష్మణమ్మ ఎదురు పరిగెత్తి వాటేసుకుంది. నూకయ్య బండి మీంచి ఎలా దూకాడో అతనికే తెలియదు. కొడుకు ముఖం రెండు చేతులా తడిమి చూసుకుని, దేవుడికి దణ్ణం పెట్టి, అప్పుడు వాడి వెనక చీకట్లోకి చూశాడు.

“మావేడిరా?”

గోవింద్ ఉత్తరానికి చెయ్యి చూపించాడు.

“మొగ కాడ పడవ బోల్తా కొట్టీసింది. మావ సెయ్యి దొరికింది నాన్నా. పట్టుకున్నాను. జారిపోనాది.”

లక్ష్మణమ్మ అక్కడే కూలబడి, తమ్ముణ్ని పేరు పెట్టి పిలుస్తూ ఇసుకను గుద్దుకుంది. గోవింద్ ఆమె పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎదురుగా ట్రాక్టరు వెలుగు కళ్లల్లో పొడుస్తుంటే మోచెయ్యి అడ్డం పెట్టుకుని, తండ్రిని అడిగాడు.

“రాల్ల కాడి హేచరీ తెల్లలైటొక్కటే కనపడింది. దానికి ఉత్తరాన మన ఎర్రదీపం ఉండాల కదాని ఎతుక్కుంటా, ఎతుక్కుంటా మొగలోకి ఎల్లిపోనాం. ఈ ఒక్క రోజూ నీ దీపం ఎందుకు ఎలిగించనేదు నాన్నా?”