ఎవరూ ఊదని ట్యూబు

చీకటి పడ్డాక తుకుం బస్తీలోని ట్యూషన్ సెంటర్‌లో ఉదయశ్రీ టీచర్ ఒక్కతే మిగిలింది. పొద్దున పిల్లలకు చూపించాల్సిన ప్రయోగాన్ని ఒకసారి చేసి చూసుకుంటోంది. రెండు టెస్ట్ ట్యూబుల్లో సున్నపు తేట పోసి, రెండింటిలోనూ స్ట్రాలు పెట్టింది. మొదటిదాంట్లో ఊదింది. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలా తెల్లబడింది. రెండోదాన్ని పోలిక కోసం అలాగే వదిలేసింది. దాంట్లో ఎవరూ ఊదకూడదు, అంతే.

ఫోన్ మోగితే స్పీకర్‌లో పెట్టి ట్యూబుల పక్కన ఉంచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది.

"ఇంక రావేందే? బాపును బండి తీస్కొని రమ్మంటవా?" అంది అమ్మ.

"వద్దమ్మా, అయిపోయింది. వస్తున్న."

"మాట్లాడుకుంట నీళ్లల్ల ఏం ఊదుతున్నవ్? బుడబుడ ఇనొస్తుంది."

ఉదయశ్రీ వెనక్కి తిరిగింది. రెండో ట్యూబులో బుడగలు లేస్తున్నాయి. తేట మెల్లగా తెల్లబడుతోంది. ఫ్యాన్ తిరగడం లేదు. కిటికీలు మూసే ఉన్నాయి.

దగ్గరికి వెళ్లి స్ట్రా పైకొనను బొటనవేలితో మూసింది. బుడగలు ఆగిపోయాయి.

"ఆపినవా?" అంది అమ్మ.

ఉదయశ్రీ వేలు అలాగే ఉంచింది. ఆమె గోటి మీద వెచ్చటి గాలి తగులుతోంది. కాసేపు ఆగి, మళ్లీ తగులుతోంది.