మెట్ల మలుపులో బీరువా

"కాలు ఊరికే ఆనిస్తే చాలదండీ, బరువు వెయ్యండి," అంది డాక్టరమ్మ.

ఆస్పత్రిలో నడక సాధన చేయించే రెండు ఇనప కడ్డీల మధ్య నిలబడ్డ పహిల్వాన్‌కి చెమటలు కారిపోతున్నాయి. ఇళ్ళ సామాన్లు మార్చే కంపెనీలో అందరూ అతన్ని పిలిచే పేరు అదే. ఫ్రిజ్‌ని ఒక్కడే వీపున వేసుకుని మెట్లు దిగే మనిషి. ఇప్పుడు తన కాలి మీద తను నిలబడలేక కడ్డీలను కరుచుకుపోయాడు.

"మళ్ళీ విరిగితేనో?"

"లోపల రాడ్ వేశారు, అంత తేలిగ్గా విరగదు. విరిగిన చోట ఒళ్ళు కొత్త ఎముక పోసుకుంది. కాకపోతే అదింకా లేతది. బరువు పడితేనే ముదురుతుంది. మోయించకపోతే అలాగే లేతగా ఉండిపోతుంది."

"మోతగాడికే మోత నేర్పుతోంది చూడు," అని పక్కన కుర్చీలో ఉన్న భార్య వైపు తిరిగి నవ్వాడు. ఆమె నవ్వలేదు. ప్రమాదం జరిగినప్పటి నుంచీ ఆమె మొహంలో నవ్వన్నది లేదు.

ఆమె ఒళ్ళో ఉన్న అతని ఫోన్ మోగింది. అద్దం అడ్డంగా పగిలిన ఫోన్. డాక్టరమ్మ కనుబొమ్మలు ముడిచింది.

"కట్టెయ్," అని భార్యతో చెప్పి డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మా ఓనర్ మీకంటే గట్టివాడండీ. మోత మొదలయ్యాక ఫోన్ ముట్టుకున్నవాడికి పనీ ఉండదు, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చూ ఇవ్వడు. మొహమాటం లేని మనిషి."

"ఇంతకీ ఎలా పడ్డారు?"

"పడలేదు. పడేశాడు."

ఆ మాట అడిగితే చాలు, పహిల్వాన్ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. పడేసినవాడు బక్కోడు. పని నేర్చుకున్నప్పటి నుంచీ ఇద్దరూ జంట. ఒకే కారియర్‌లో తిన్నారు, ఒకరి చొక్కా ఒకరు వేసుకున్నారు. మెట్లు దిగేటప్పుడు బరువు కిందివాడి మీద ఎక్కువ పడుతుంది కాబట్టి ఎప్పుడూ కింద పహిల్వాన్, పైన బక్కోడు. ఆ రోజు స్టీలు బీరువా. మూడో అంతస్తు మలుపు దాకా అతనికి గుర్తుంది. ఆ తర్వాత తలకు తగిలిన దెబ్బతో అంతా చీకటి. కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన ఓనర్ నిలబడి ఉన్నాడు.

"చెయ్యి వదిలేశానని వాడే ఒప్పుకున్నాడట. ఓనర్ వాణ్ణి పనిలోంచి పంపించేసి, నా వైద్యం కంపెనీయే చూసుకుంటుందన్నాడు. కాలు విరిగినందుకు కాదండీ నా ఏడుపు. కింద నేనున్నానని తెలిసీ వదిలాడు. తోడబుట్టినవాడి కంటే ఎక్కువనుకున్నాను. ఇంత జరిగినా ఒక్కసారి చూడ్డానికి కూడా రాలేదు."

"వచ్చాడు," అంది భార్య మెల్లగా. "నేనే రమ్మన్నాను. బయట కూర్చున్నాడు."

పహిల్వాన్ ఆమె వైపు నమ్మలేనట్టు చూశాడు. "నువ్వూ వాడి వైపేనా?"

ఆమె లేచి వెళ్ళి తలుపు తీసింది.

బక్కోడు లోపలికొచ్చాడు. అంత ఉక్కలోనూ మణికట్టు దాకా గుండీలు పెట్టిన పొడుగు చేతుల చొక్కా. ఎడమ చేతిలో పళ్ళ సంచి.

"ఎలా ఉంది అన్నా?"

"నీ దయవల్ల చావలేదు."

కోపానికో ఆయాసానికో పహిల్వాన్‌కి పొలమారింది. బక్కోడు సంచి కింద పడేసి, బల్ల మీదున్న నీళ్ళ సీసా అందుకుని మూత తిప్పబోయాడు. తిరగలేదు. పళ్ళు బిగించి మళ్ళీ ప్రయత్నించి, చివరికి సీసాను పహిల్వాన్ భార్య చేతికిచ్చాడు. ఆమె ఇట్టే తీసింది.

"చూశారా డాక్టరమ్మా? సీసా మూత తిప్పడం చేతకాని చెయ్యి. దీన్ని నమ్ముకుని నేను బీరువా కింద నిలబడ్డాను."

"నా చెయ్యే జారిందన్నా. తిట్టు, పడతాను."

డాక్టరమ్మ మాత్రం బక్కోడి దగ్గరికి నడిచింది. "ఆ చొక్కా చెయ్యి పైకి మడవండి."

"ఏం లేదు మేడమ్."

ఆమె వినిపించుకోలేదు, తనే మడిచింది. కుడి జబ్బలో కండ బంతిలా ముద్దకట్టి భుజం వైపు ఎక్కిపోయి ఉంది. మోచేతికి పైన లొట్ట పడింది.

"ఎప్పుడైంది ఇది?"

"ఏదో పనిలో."

"వెంటనే వచ్చుంటే కుట్టేవాళ్ళు. ఇప్పుడు బాగా పైకి లాక్కుపోయింది."

"పర్లేదండీ. వాచ్‌మన్ పని దొరికింది, దానికి ఈ చెయ్యి చాలు." చొక్కా దించుకుని, "వస్తాను వదినా," అని వెళ్ళిపోయాడు. పహిల్వాన్ భార్య అతని వెనక రెండడుగులు వేసి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది.

"వచ్చి జాలి నాటకం ఆడి పోయాడు," అన్నాడు పహిల్వాన్. గొంతులో మునుపటి పదును లేదు.

"కండను మోచేతి ఎముకకు కట్టి ఉంచే తాడొకటి ఉంటుందండీ," అంది డాక్టరమ్మ. "అతనికి తెగింది అదే. వదిలేసిన చెయ్యికి అది తెగదు. మోచెయ్యి మడిచి పట్టుకున్నవాడి మీద బరువంతా ఒక్కసారిగా పడి, అప్పటికీ వాడు వదలకపోతేనే అలా తెగుతుంది."

"బరువంతా వాడి మీద ఎందుకు పడుతుంది? కింద నేను రెండు చేతులతో పట్టుకునే ఉన్నానుగా?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె పగిలిన ఫోన్‌ను ఒళ్ళో బోర్లా పెట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"చెప్పవేం? పట్టుకునే ఉన్నానా లేదా?"

"ఆ రోజు ఫోన్ చేసింది నేనే. మెట్ల మీద నుంచే మీరు నాకు 'హలో' అన్నారు."