కథలో లేని మాట

గణేష్‌బాబు మేష్టారికి విమర్శకుడిగా పేరొచ్చిందే అనుమానం మీద.

రాజమహేంద్రవరంలో కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పే ఆయన, వెనకటి వారపత్రికలు తిరగేసి, ఆడపేరు పెట్టుకుని కథలు రాసిన ఇద్దరు మగవాళ్లను పట్టుకున్నారు. అప్పట్నుంచీ ఆడపేరు కనబడితే చాలు, దాని వెనక మీసం ఉందేమోనని వెతకడం ఆయనకు అలవాటైపోయింది.

ఇప్పుడాయన గోదావరి జిల్లాల రచయిత్రుల కథలు ఏరి ఒక సంకలనం తెస్తున్నారు. దానికి ముందుమాటగా పెద్ద వ్యాసం రాస్తున్నారు. అన్ని పేర్లూ బాగానే ఉన్నాయి. కంట్లో నలుసులా ఉన్నది ఒక్కటే, జంగారెడ్డిగూడెం ప్రసన్నలక్ష్మి.

ఆవిడ ఏ సభకూ రాదు. ఫొటో ఇవ్వదు. ఫోన్ చేస్తే మొగుడు ఎత్తుతాడు.

"ఈ కథ ఆవిడే రాసిందని రుజువేంటండి? లేకపోతే కథ తీసేస్తాను" అని మొన్న మేష్టారు అడిగారు.

"ఆవిడ కథలు రాస్తుందండి. రుజువులు రాయదు," అని పెట్టేశాడు.

ఆ మాటతో మేష్టారి అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. కథ తీసేసి, ఆ పేరు వెనక ఉన్నది మగవాడేనని వ్యాసంలో తేల్చడానికి కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడింది.

"జంగారెడ్డిగూడెం నించొచ్చానండి. ప్రసన్నలక్ష్మి కథ తీసేస్తున్నారంట కదా. అది ఆ అమ్మాయి రాసిందేనండి. తియ్యకండి బాబూ."

మేష్టారు ఆవిణ్ణి ఎగాదిగా చూశారు. పిలవకుండా వచ్చిన సాక్షి. ఎవరో నాలుగు మాటలు నేర్పి బస్సెక్కించి ఉంటారు.

"మీరు ఆవిడకేమవుతారు?"

"చెప్పుకోదగ్గదాన్ని కాదులెండి. ఆ ఊరిదాన్ని."

"ఎవరు పంపారు?"

"ఎవరూ పంపలేదండి. నేనొచ్చినట్టు ఆ అమ్మాయికి తెలీదు."

పంపినవాళ్లు ముందుగా నేర్పేది ఈ మాటే అనుకున్నారు మేష్టారు.

"పోనీ కథ చదివారా?"

"నాకు చదువు రాదండి. పక్కింటావిడ చేత చదివించుకున్నాను."

"అయితే వినండి. కోడలు రాసుకున్న కాగితాలన్నీ తీసుకెళ్లి, పొగాకు ఆరబెట్టే బ్యారన్ పొయ్యిలో పడేస్తుంది అత్త. ఆ అత్తలో మచ్చుకైనా మంచి లేదు. ఆడది సాటి ఆడదాని గురించి రాస్తే ఎక్కడో ఒకచోట జాలి చూపిస్తుందమ్మా. ఇది ముమ్మాటికీ మగవాడి రాత."



"జాలెందుకండి? ఆవిడ చేసింది ఆ పనే కదా. అమ్మాయి ఉన్నదున్నట్టు రాసింది."

"ఉన్నదున్నట్టా? మీరు చూశారేంటి?"

"చూశానండి. కాకపోతే కట్టంతా ఒక్కసారే పడెయ్యలేదు. కట్టగా ఉంటే అంటుకోలేదండి. విడదీసి ఒక్కో కాగితం వెయ్యాల్సొచ్చింది."

మేష్టారికి దొంగ దొరికినంత సంబరమైంది. వెంటనే కథ తీసి వేలు పెట్టి చూపించారు.

"కట్టంతా ఒక్క విసురుకి పొయ్యిలో పడిందని ఉందిక్కడ. ఒక్కో కాగితమని ఎక్కడా లేదు."

"కథలో లేదండి."

"లేనిది మీరెలా చెబుతున్నారు?"

ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది.

"నన్ను నమ్మకపోతే మానెయ్యండి. కథ మాత్రం ఉంచండి బాబూ. మళ్లీ కాగితం ముట్టుకోడానికి ఆ అమ్మాయికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు మీరు కూడా కాదంటే ఇంక రాయదు."

గుమ్మం దాటేదాకా చూసి, మేష్టారు కలం అందుకున్నారు. నేర్పిన పాఠం సరిగ్గా ఒప్పజెప్పలేక, మూలంలో లేని ముక్కలు అతికించిన ఆ కూటసాక్షి గురించి ఒక పేరా రాశారు. వ్యాసం మొత్తానికి అదే పదునైన పేరా అని ఆయనకే అనిపించింది.

పుస్తకం వచ్చింది. ప్రసన్నలక్ష్మి కథ లేదు. ఆవిష్కరణ సభలో మేష్టారు ఆ పేరా చదివితే అందరూ నవ్వారు.

ఆ వారంలోనే ఫోన్ మోగింది. ఈసారి ఆడగొంతు.

"ప్రసన్నలక్ష్మినండి. మీ వ్యాసం చదివాను."

ఈ గొంతు ఎవరిదో అరువు తెచ్చి ఉంటారని మేష్టారికి తోచింది.

"కథ తీసేసినందుకైతే..."

"అందుకు కాదండి. నేను మగవాణ్ణని రాశారు, అదీ మీ ఇష్టం. ఒక్కో కాగితం విడదీసి కాల్చారని ఒకావిడ వచ్చి చెప్పిందన్నారు. ఎవరండి ఆవిడ?"

"మీరే కదా పంపించారు."

"నేనెవర్నీ పంపలేదండి. అసలు కాల్చేటప్పుడు నేనక్కడ లేను. నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేశారు. ఒక్క విసురుకి పడేసుంటారని నేనే ఊహించి రాసుకున్నాను. ఎలా ఉందండి ఆ మనిషి?"

మేష్టారు గుర్తు చేసుకుంటూ చెప్పారు. పొడుగ్గా ఉంది. ఎడమకాలు కొంచెం ఈడుస్తోంది. మెడ చుట్టూ కొంగు కప్పుకుంది.



"పుస్తకం రాకముందే పోయారండి," అంది ప్రసన్నలక్ష్మి. "మీ దగ్గరికొచ్చిన రోజే అయ్యుంటుంది, మీ ఊరి పక్క కోరుకొండ గుడికెళ్లానన్నారు. ప్రసాదమేదండీ అని కూడా అడిగాను. ఏమీ మాట్లాడలేదు."

"ఆవిడ మీకేమవుతారమ్మా?" అన్నారు మేష్టారు.

"ఆ కాగితాలు కాల్చిన మా అత్తగారండి."