పసుపు జట్టు కేక

“శుక్రవారంలోగా కొత్త కేక తెస్తారా, క్రీడల రోజున నీళ్ళ సీసాలు మోస్తారా?” అని అడిగింది ఉమాదేవి టీచరు.

పసుపు జట్టు చీర్ స్క్వాడ్ అమ్మాయిలు పన్నెండుమందీ తలలు దించుకున్నారు. మలేషియాలోని సుంగై పెటాని ఊళ్ళో, ఆ హైస్కూల్లో పిల్లలందరినీ నాలుగు రంగుల జట్లుగా విడదీశారు. ఒక్కో జట్టుకు అరిచి ఉత్సాహపరిచే స్క్వాడ్ ఒకటి. ఆ అరుపులకు కూడా మార్కులుంటాయి. పోయిన ఏడు పసుపువాళ్ళు ఫోన్లో చూసి నేర్చుకున్న కేకనే నీలంవాళ్ళూ నేర్చుకొచ్చారు. నీలంవాళ్ళు ముందు అరిచారు.

“ఫోన్లో దొరికేది ఏదీ వద్దు. పునితా, లీడర్‌వి నువ్వే కదా. చూసుకో,” అంది టీచరు.

పోయిన ఏడు ఆ కేకను ఎంచింది కూడా పునితే. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తనందుకే ఆమెకు ఎక్కువ బాధగా ఉంది.

ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ దాలమ్మ వంటింట్లో కూర్చుని ఎండు నెత్తళ్ళ తలలు గిల్లుతోంది. దాలమ్మకు డెబ్భై ఆరేళ్ళు. రబ్బరు తోటలో పాలు గీసి, ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది.

“ఏటే, మొకం అలాగెట్టినావు?”

పునితకు తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి సరిగ్గా రాదు. కొంత తెలుగు, కొంత తమిళం కలిపి చెప్పింది. “పరిగెత్తేవాళ్ళు ఆగకూడదు మామ్మా. దానికి మేము అరవాలి. కొత్త పాట్టు ఒకటి కావాలి.”

దాలమ్మ చేతిలోని చేపను గిన్నెలో వేసి కాస్త ఆలోచించింది.

“నాకాడొకటుంది. నేను కట్టిందే,” అంది. తర్వాత లేచి నిలబడి అరిచింది.

“నడు నడు! ఎనక్కి సూడకు!
కాల్లు నొప్పంటే ఇనను! కూకుంటానంటే ఒప్పను!
లైను దాటు! లైను దాటు!
దాటినాకే ఊపిరి తీ!”

పక్కింటి కుక్క మొరగడం మానేసింది.

“సూపర్ మామ్మా! ఎప్పుడు కట్టినావు?”

“తోటలో ఉన్నప్పుడు. మాది లైను ఇల్లు గదా, కూలోల్ల ఇల్లన్నీ ఒకే వరస. ఒకపాలి నేను ఈ కేక ఎత్తుకున్నాను. ఆ లైను ఆడోల్లంతా గుమ్మాల్లోకి వచ్చి నాతోటి అరిసినారు.”

“పందెమా?”

“పందెం లాంటిదే.”

“పరిగెత్తినాయన గెలిచాడా?”

“ఆగలేదు,” అంది దాలమ్మ, మళ్ళీ నెత్తళ్ళ ముందు కూర్చుంటూ.

మర్నాడు పునిత ఆ మాటలన్నిటికీ టీచరుకు అర్థం చెప్పింది. “లైను దాటు అంటే?” అని అడిగింది టీచరు. “గీత దాటమని, టీచర్.” ఉమాదేవికి నచ్చింది. స్క్వాడ్‌లో మలయ్ పిల్లలున్నారు, చీనా పిల్లలున్నారు, తమిళ పిల్లలున్నారు, తెలుగు పిల్ల పునిత ఒక్కతే. అందుకని నేర్పడానికి దాలమ్మనే పిలిపించారు.

దాలమ్మ అమ్మాయిలందరినీ వరుసగా నిలబెట్టింది. ఆమె మాటల్ని పునిత మలయ్‌లోకి మార్చి చెప్పింది.

“సేతులు గాల్లో అలా ఊపీకండి. సీపురు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకోండి.”

పన్నెండుమందీ ఊపడానికి తెచ్చుకున్న పసుపు కుచ్చుల్ని గట్టిగా పట్టుకున్నారు.

“నవ్వొద్దు.”

“చీర్ స్క్వాడ్ నవ్వాలి కదా, పాట్టీ,” అంది కళైవాణి, అవ్వను తమిళంలో పిలుస్తూ.

“నవ్వితే ఆగిపోతారు,” అంది దాలమ్మ. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

క్రీడల రోజున ఎనిమిది వందల మీటర్ల పరుగులో పసుపు జట్టు తరపున ఐనా అనే అమ్మాయి దిగింది. పోయిన ఏడు ఆమె రెండో చుట్టు మధ్యలో గడ్డిమీద కూర్చుండిపోయింది. ఈసారీ అక్కడికి వచ్చేసరికి అడుగులు తడబడ్డాయి. చెయ్యి నడుముమీదికి పోయింది.

“ఇప్పుడు!” అంది పునిత.

పన్నెండు గొంతులు ఒక్కసారి లేచాయి. ట్రాకు పక్కన కట్టిన తాడు వెంట ఐనాతోపాటు నడుస్తూ అరిచారు. రెండోసారికి కళైవాణి గొంతు బొంగురుపోయింది, మూడోసారికి పునితది. అప్పుడు షామియానా కిందనుంచి దాలమ్మ గొంతు వచ్చింది. కుర్చీలోంచి లేచి, తాడుదాకా వచ్చి, చెయ్యి ఊపుతూ అరుస్తోంది. ఐనా ఒకసారి అటు చూసి, తల తిప్పేసి పరుగెత్తింది.

మూడో స్థానంలో వచ్చింది. పసుపు జట్టుకు అది పండగే. ఐనా పరుగు ముగించాక కూడా దాలమ్మ అరుస్తూనే ఉంది. పునిత వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

“అయిపోయింది మామ్మా.”

“లైను దాటినాదా?”

“దాటింది.”

అప్పుడు ఆపింది.

“ఎలా పరిగెత్తావే?” అని కళైవాణి అడిగితే, “ఆగాలంటే భయమేసింది,” అంది ఐనా.

చీర్ స్క్వాడ్ కప్పు పసుపు జట్టుకే వచ్చింది. పునిత దాన్ని నాయనమ్మ చేతికిచ్చి ఫోటో తీయించింది. ఆ ఫోటో స్కూలు పత్రికలో వేస్తామనీ, కేక వెనకున్న కథ రాసివ్వమనీ టీచరు చెప్పింది.

ఆదివారం పునిత నోటుబుక్కు పట్టుకుని దాలమ్మ పక్కన కూర్చుంది.

“మామ్మా, నువ్వు మొదట అరిచావు కదా, తోటలో. అప్పుడు పరిగెత్తినాయన పేరు కావాలి.”

“పేరెందుకులే.”

“టీచర్ అడిగింది. అంత బాగా పరిగెత్తిన మనిషి, పేరు లేకపోతే ఎలా?”

దాలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

“మీ తాతే, తాగొచ్చి కొడితే తరిమేసినాను.”