రాధమ్మ ఇచ్చిన తోళ్లు

ఐదోసారి కూడా అంకె పైకి లేవలేదు.

సాహిత్య యంత్రాన్ని ఆపి మళ్లీ పెట్టి చూసింది. అదే అంకె. చేప తోలు నుంచి తీసిన జెలటిన్ బాగానే గడ్డకడుతోంది, నురగ పడుతోంది. అసలు కావలసిన యాంటీ ఆక్సిడెంట్ గుణం మాత్రం లేదు. నూనె ముక్కిపోకుండా ఆపే గుణం అది. పోపులపెట్టెలో సగం దినుసులకు ఉండేదే. చేప తోలుకు అంత బలంగా ఉందని ఆరు నెలల కింద సాహిత్యే రుజువు చేసింది. వ్యాసం అచ్చయింది. వికారాబాద్‌లోని ఆ పరిశోధన కేంద్రంలో అందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆ గుణం ఏ గంగలో కలిసిందో తెలియదు.

నాలుగు రోజులుగా ముఖం చూడని గైడ్ జనార్దన్ సార్ ఇవాళ ఒక్క మాట అన్నారు.

"వచ్చే సోమవారం కమిటీ ముందు మళ్లీ చేసి చూపించమ్మా. లేకుంటే ఆ అంకెలు నువ్వే అల్లినవి అనుకోవాల్సి వస్తది."

అల్లలేదు. ఆ సంగతి దేవుడికీ తనకూ తప్ప ఎవరికి తెలుసు?

తాండూరులో వాళ్లది కిరాణా టోకు వ్యాపారం. శనివారం ఉల్లిగడ్డ కూడా తరగని ఇల్లు. కూతురి పరిశోధన చేపల మీద అని తెలిసి తల్లి అనసూయమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇప్పటికీ సాహిత్య రైలు దిగి ఇంటికొస్తే, తలస్నానం చేశాకే వంటింటి గడప దాటనిస్తుంది. ఇంత చేసి పట్టా రాకపోగా, దొంగ లెక్కలు రాసిందన్న పేరుతో వెళ్తే ఆ తల్లి ముఖం ఎలా చూడాలి? చావాలనిపించింది సాహిత్యకు.

కూర్చుని మొదటినుంచీ తలుచుకుంది. చేపలు అవే, కోట్‌పల్లి చెరువు బొచ్చెలు. సున్నం అదే, తాండూరుది. తోళ్లను సున్నపు నీళ్లలో నానబెట్టడం, కడగడం, వెచ్చటి నీళ్లలో కరిగించి వడగట్టడం, ఏదీ మారలేదు. కానీ అప్పట్లో ముఖం తిప్పుకుని తోళ్లు కుమ్మరించగానే సున్నపు నీళ్లు ఎర్రబడేవి. చేప రక్తమనుకుని కళ్లు మూసుకుని పారబోసేది. ఆరిన జెలటిన్ లేత బంగారు రంగులో వచ్చేది. ఇప్పుడు నీళ్లు ఎర్రబడవు. జెలటిన్ తెల్లగా, నీసు కంపు కొడుతూ వస్తోంది.

మారిందల్లా ఒక్కటే. చేపల మార్కెట్లో తోళ్లు ఇచ్చే రాధమ్మ, కూతురి పురుడని మూడు నెలల కింద దోమ అనే ఊరికి వెళ్లింది. అప్పటినుంచి సాహిత్య పక్క దుకాణాల్లో తెచ్చుకుంటోంది. రాధమ్మ ఉన్నప్పుడు తోళ్లు నల్ల కవర్లో కట్టి సిద్ధంగా ఉంచేది. సాహిత్య చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, దూరం నుంచే అందుకుని పరుగెత్తేది. తీరిగ్గా నాలుగు మాటలు మాట్లాడింది కూడా లేదు.

చేపల మార్కెట్‌కు పరుగెత్తింది. అదృష్టం బాగుండి రాధమ్మ నిన్ననే తిరిగొచ్చింది. కత్తిపీట ముందు కూర్చుని, హోటల్ వాళ్ల కోసం తోలు తీసి ముక్కలు కోస్తోంది.

సాహిత్యకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పింది. రాధమ్మకు అందులో పావు వంతు అర్థమైంది. తన తోళ్లలోనే ఏదో మహిమ ఉందని, అవి లేకపోతే ఈ పిల్ల బతుకు ఆగమవుతుందని మాత్రం తెలిసింది.

"పెద్దమ్మా, గీ పక్కోళ్ల చేపలకు నీ చేపలకు ఫరకేంది? జర చెప్పు, నీ కాళ్లు పట్టుకుంట."

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా. అప్పటి లెక్కనే తయారు చేసి ఇస్త."

పోయిన ప్రాణం లేచొచ్చింది సాహిత్యకు. సోమవారం అంకె లేస్తుంది. అందరి నోళ్లూ మూతపడతాయి. ఈసారి ముక్కు మూసుకోకుండా రాధమ్మ పక్కనే కూర్చుంది.

రాధమ్మ తోళ్లన్నీ తట్టలోకి చేర్చి, గోనెసంచి కింద నుంచి ఒక డబ్బా తీసింది.

"చేపలు అందరియ్యి ఒక్కటే బిడ్డా," అంది మూత తిప్పుతూ. "నువ్వు తొలి దినం ముక్కు మూసుకున్నవ్ గదా, నీకు నీసు పడదని నేనే ప్రతిసారి పిడికెడు పసుపు పట్టించి ఇస్తుంటి."