నిండుకున్న ఇల్లు

ఇంట్లో ఏముందో, ఏం లేదో రోజూ పొద్దున్నే గోడలోని యంత్రం అడుగుతుంది. ఇంటి పెద్దే చెప్పాలి, ఇంకెవరి గొంతూ అది వినదు. లేదన్న సరుకు మధ్యాహ్నానికల్లా గుమ్మంలో దిగుతుంది. జవాబు రాకపోతే మాత్రం ఖాళీ వదలదు, దానికి ముందు ప్రశ్నకి విన్న జవాబుతోనే నింపేస్తుంది.

మొన్న "బియ్యం?" అని అడిగితే వరహాలమ్మ "నిండుకున్నాయి" అంది. వంటింట్లో 'లేవు' అన్న మాట ఆవిడ బుద్ధెరిగి అనలేదు. డబ్బా నిండా ఉన్నాయని యంత్రం రాసుకుంది. బియ్యం రాలేదు. నిన్నా అదే మాట, అదే రాత.

"లేవని అనేయండి అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను. పిల్లది ఆకలికి సొమ్మసిల్లిపోయేలా ఉంది," అంది ఇందుమతి ఈ ఉదయం.

"అలా అనకూడదే, ఇంటికి మంచిది కాదు."

"బియ్యం?"

పిల్ల ఏడుపు విని వరహాలమ్మ కళ్లు మూసుకుంది. "లేవు." అంటూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది.

ఇందుమతి హమ్మయ్య అనుకునేలోపే యంత్రం మళ్లీ అడిగింది.

"మనుషులు?"

"చెప్పండి అత్తయ్యా!"

ఆవిడ కొంగు తియ్యలేదు.

"ఉన్నాం! ముగ్గురం ఉన్నాం!" అని ఇందుమతి గోడను బాదుతూ అరిచింది.

"లేరు," అని రాసుకుంది యంత్రం. ఫ్యాను ఆగిపోయింది. తలుపుకి బయటినుంచి గడియ పడింది.